తలుపుమీద పేరు

తపాలాబంట్రోతు ఉత్తరము చేతబట్టుకొని మొదట చూచునది చిరునామా. పేరు, ఇంటి సంఖ్య, వీధి, ఊరు అను ఈ నాలుగును సరిగా ఉన్నచో ఎంత దూరమునుండి వచ్చిన జాబైనను చేరవలసినవానిని చేరును. ఇల్లు లేనివానికి ఆ చిరునామా లేదు. చిరునామా లేనివానికి బియ్యపు కార్డు దొరకుట కష్టము. బ్యాంకియందు ఖాతా తెఱచుట కష్టము. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినచో పిలుపు ఎచ్చటికి పంపవలెనో తెలియదు. జబ్బు నయమైనది, ఇంటికి పొమ్మని వైద్యుడు చెప్పినను పోవుటకు ఇల్లుండదు. కూడు, గుడ్డ, గూడు అని మానవుని అవసరములను వరుసగా చెప్పుట వాడుక. గూడు కడపట చెప్పబడినను, అది లేనిచో మొదటి రెండును నిలువవు. మిగిలిన అన్నము మూతపెట్టి ఉంచుటకును, ఉతికిన బట్ట ఆఱవేయుటకును ఒక చోటు కావలెను గదా!

ఇల్లు లేనివారందఱును ఒక్క తీరువారు కారు. వఱదలచేతనో, అగ్నిప్రమాదముచేతనో, అద్దె చెల్లింపలేకనో కొన్ని వారములు, కొన్ని నెలలు నిలువనీడ లేక గడపువారు పెక్కుమంది కలరు. వారు బంధువుల పంచనో, సత్రమునందో తలదాచుకొని, పని దొరకగనే మఱల నిలదొక్కుకొందురు. వేఱొక తెగవారు ఏండ్ల తరబడి వీధులయందును, ధర్మశాలలయందును, రైలు నిలయములయందును బ్రతుకు వెళ్లదీయుదురు. వీరిలో మానసికరోగముచేత బాధపడువారు కలరు; మద్యమునకు బానిసలైనవారు కలరు; కుటుంబము విచ్ఛిన్నమై ఒంటరులైనవారు కలరు. రోగమువలన వీధిపాలైనారా, వీధిపాలగుటవలన రోగులైనారా అని విడదీసి చెప్పుట వైద్యులకును సాధ్యము కాదు. ఒకటి రెండవదానిని పెంచుచుండును. ఇట్టివారికి ఒక రాత్రి పడకయు, ఒక పూట అన్నమును ఇచ్చినంతమాత్రమున స్థితి మాఱదు. వీరి సమస్యను తీర్చుటకు ఫిన్లాండు దేశము పూనుకొన్న విధము తెలిసికొనదగినది.

ఫిన్లాండు ఐరోపా ఖండమున ఉత్తరపు కొనయందున్న దేశము. దేశమంతటిలోను కలిపి జనసంఖ్య సుమారు 56 లక్షలు. హైదరాబాదు నగరమునందలి జనులకంటె తక్కువ. రాజధాని హెల్సింకి సముద్రతీరమున ఉన్నది. డిసెంబరు మాసమున అచ్చట సూర్యుడు ఉదయము తొమ్మిదిగంటలు దాటిన తరువాత ఉదయించి, మధ్యాహ్నము మూడుగంటలు దాటగనే అస్తమించును. నీరు గడ్డకట్టు చలికంటె ఇరువది డిగ్రీలు తక్కువ చలి పడు రాత్రులును ఉండును. అట్టి రాత్రి ఆరుబయట పండుకొన్నవాడు తెల్లవాఱి లేచునను నమ్మకము లేదు. కావున ఆ దేశమున ఇల్లు అనునది సుఖమునకు సంబంధించిన మాట కాదు, ప్రాణమునకు సంబంధించిన మాట.

ఇండ్లు లేనివారికి ఇండ్లు సమకూర్చుట ఆ దేశమునకు క్రొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధమున సోవియట్ దేశముతో పోరాడి ఓడిన పిమ్మట, కరేలియా అను తూర్పుప్రాంతములో చాలభాగమును ఫిన్లాండు వదలుకొనవలసి వచ్చెను. ఆ ప్రాంతమునుండి నాలుగు లక్షలకు పైగా జనులు కట్టుబట్టలతో, పశువులతో తరలి వచ్చిరి. 1945లో ఒక చట్టముచేసి, వారికి భూములిచ్చి, కొద్ది సంవత్సరములలో వారిని దేశమంతట స్థిరపఱచిరి. బీదదేశము, యుద్ధమున చితికిన దేశము అంతటి పని చేయుట ఆశ్చర్యకరము. అయినను ఆ ఏర్పాటు కుటుంబములకు ఉపకరించినంతగా ఒంటరివారికి ఉపకరింపలేదు. యుద్ధమునుండి తిరిగివచ్చి, కొలువు కుదురక, మద్యమునకు అలవాటుపడిన పురుషులు నగరములందు మిగిలిపోయిరి. హెల్సింకిలో విమానదాడులనుండి రక్షణకై త్రవ్విన నేలమాళిగలు యుద్ధానంతరమున ఇట్టివారికి రాత్రిపూట పడకటిండ్లయ్యెను.

1967లో ఫిన్లాండు స్వాతంత్ర్యము పొంది ఏబదియేండ్లు నిండెను. దేశమంతట ఉత్సవములు జరుగుచుండగా, నగరమున ఇల్లులేని పురుషులు చలిచేత మరణించుచుండిరి. ఈ వైపరీత్యమును చూచి సహింపలేక కొందఱు యువకులు, విద్యార్థులు, వైద్యులు కలిసి ఆ సంవత్సరమే నవంబరు ఉద్యమము అను పేర ఒక సంఘమును స్థాపించిరి. ఇల్క తైపలె అను వైద్యుడు వారిలో ముఖ్యుడు. ఇల్లు లేకుండుట నేరమువలె ఎంచబడుచున్న రోజులవి. దేశదిమ్మరులను పట్టి నిర్బంధించుటకు వీలుకల్పించు పాత చట్టమొకటి అప్పటికి అమలులో ఉండెను. అది రద్దగుటకు ఇంకను ఇరువదియేండ్లు పట్టెను.

1985లో వై ఫౌండేషను అను సంస్థ వెలసెను. హెల్సింకి మొదలగు నగరములు, క్రైస్తవ దేవాలయ సంఘము, రెడ్‌క్రాసు సంస్థ, ఇండ్లు కట్టించు యజమానుల సంఘము, ఇండ్లు కట్టు కార్మికుల సంఘము కలిసి దానిని నెలకొల్పినవి. యజమానులును కార్మికులును ఒక్క పీటమీద కూర్చుండుట అరుదు, ఇచ్చట కూర్చుండిరి. ఈ సంస్థ నిరాశ్రయులకొఱకు వేఱుగ ఊరిబయట కాలనీలు కట్టలేదు. సామాన్యులు నివసించు భవనములలోనే అచ్చటొకటి ఇచ్చటొకటిగా చిన్న ఇండ్లను కొని, వాటిని ఒంటరివారికి అద్దెకిచ్చెను. ఆ కొనుగోలునకు కావలసిన ధనములో కొంత, దేశమున జూదపు యంత్రములపై వచ్చు ఆదాయమునుండి లభించుచుండెను. జూదమాడి ఇల్లు పోగొట్టుకొన్నవారును లోకమున కలరు. ఆ సొమ్ము ఇల్లు కొనుటకు వినియోగపడుట ఒక వింత.

1987లో ఫిన్లాండునందు ఇల్లు లేనివారు 18,000 మందికి పైగా ఉండిరి. ఇరువదియేండ్లు గడచునప్పటికి ఆ సంఖ్య సగముకంటె తక్కువయ్యెను. అయినను తగ్గుట ఒకచోట ఆగిపోయెను. దీర్ఘకాలముగా ఇల్లులేనివారు, అనగా సంవత్సరమునకు మించి వీధులను, శాలలను పట్టుకొని వ్రేలాడుచు రోగముచేతనో వ్యసనముచేతనో క్రుంగినవారు సుమారు 3,500 మంది అట్లే మిగిలిరి. ఎన్ని ఇండ్లు కట్టినను అవి వారివఱకు చేరలేదు. ఇందులకు కారణము ఇండ్ల కొఱత మాత్రమే కాదు. ఇల్లు ఇచ్చు పద్ధతియందే లోపముండెను.

ఆ పద్ధతికి మెట్లపద్ధతి అని పేరు. ఫిన్లాండులోనే కాదు, పెక్కు దేశములందు అది వాడుకలో ఉండెను. మొదటి మెట్టు రాత్రి తలదాచుకొను శాల. అచ్చట క్రమముగ మెలగినవాడు రెండవ మెట్టునకు, అనగా మద్యము మాన్పించు చికిత్సాలయమునకు పోవలెను. అచ్చట మానినట్లు ఋజువైనచో మూడవ మెట్టున ఇతరులతో పంచుకొను గది దొరకును. పొదుపు, శుభ్రత, వంట, వేళకు నిద్ర మొదలగునవి అచ్చట నేర్చుకొని పరీక్షయందు నెగ్గవలెను. చిట్టచివరి మెట్టుమీద సొంత ఇల్లుండును. నడుమ ఎచ్చటనైనను ఒక్కసారి త్రాగినచో, ఒక్క నియమము తప్పినచో, వైకుంఠపాళియందు పెద్దపాము నోటబడినట్లు మఱల మొదటి గడికే జాఱవలెను.

వినుటకు ఈ పద్ధతి న్యాయముగనే తోచును. యోగ్యత సంపాదించిన పిమ్మట ఫలము ఇచ్చుట లోకమర్యాద. కాని శాలలో నున్నవాని దినచర్య ఎట్టిదో ఆలోచింపవలెను. పెద్ద గదిలో నూరుమందితో కలిసి పండుకొనవలెను. చెప్పులు తలక్రింద పెట్టుకొననిచో ఉదయమునకు ఉండవు. ప్రక్కవాడు దగ్గుచుండును, ఆవలివాడు కేకలు వేయుచుండును. నిద్ర లేదు. వైద్యుడిచ్చిన మందు దాచుకొనుటకు పెట్టె లేదు. తెల్లవాఱగనే బయటకు పొమ్మందురు. సాయంకాలమువఱకు వీధియే గతి. చుట్టునున్నవారిలో సగముమంది త్రాగుచుండగా తానొక్కడు మానవలెను. ఇట్టి స్థితిలో వ్యసనమును జయింపుమని, తరువాత ఇల్లిచ్చెదమని చెప్పుట, ఈత నేర్చిన తరువాతనే నీటిలో దిగుమనుటవంటిది. ఇంట గెలిచి రచ్చ గెలువుమని తెలుగువారి సామెత. మెట్లపద్ధతి రచ్చ గెలిచి రమ్మని చెప్పి, ఇంటి తాళపుచెవిని తన చేతనే ఉంచుకొన్నది.

ఈ లోపమును ముందుగా కనిపెట్టి వేఱుమార్గము త్రొక్కినవారిలో శామ్ సెంబెరిస్ అను మనస్తత్వవేత్త ముఖ్యుడు. ఇతడు అమెరికాలోని న్యూయార్కు నగరమున వీధులయందు తిరుగు మానసికరోగులకు చికిత్స చేయుచుండెను. ఆసుపత్రిలో నయమైనవారే కొన్నాళ్లకు మఱల అదే వీధిలో, అదే మూలలో, అదే రోగముతో కనిపించుచుండిరి. మీకు కావలసినదేమి అని వారిని అడుగగా, ఎక్కువమంది చెప్పినది చికిత్స కాదు, ఇల్లు. ఆ మాటను ఉన్నదున్నట్లుగ గ్రహించి, 1992లో ఇతడొక సంస్థను స్థాపించెను. మద్యము మానవలెనని గాని, మందు మ్రింగవలెనని గాని ముందు షరతు పెట్టక, నేరుగ అద్దె ఇల్లు చూపించి, ఆ తరువాత వైద్యులను, సేవకులను ఆ ఇంటికే పంపెను. అనేకులు నవ్విరి. ఐదేండ్లు గడచిన తరువాత లెక్కచూడగా, ఈ విధముగ ఇండ్లు పొందినవారిలో నూటికి 88 మంది ఇండ్లయందే ఉండిరి. మెట్లపద్ధతిని అనుసరించిన ఇతరులలో నూటికి 47 మంది మాత్రమే నిలిచిరి. 2000 సంవత్సరమున ఈ లెక్క ప్రచురింపబడెను. ఈ విధానమునకు ‘ముందు ఇల్లు’ అని పేరు.

ఫిన్లాండు దీనినే తన దేశమునకు తగినట్లు మలచుకొన్నది. దీర్ఘకాల నిరాశ్రయతను ఎట్లు తొలగింపవచ్చునో చెప్పుడని 2007లో ప్రభుత్వము నలుగురు విజ్ఞులను కోరెను. ఆ నలుగురిలో ఒకడు హెల్సింకి బిషప్పు ఏరో హువోవినెన్. ఒకడు నలుబదియేండ్ల క్రిందట నవంబరు ఉద్యమమును నడపిన వైద్యుడు తైపలె. ఒకడు హెల్సింకి నగర సాంఘికసేవాశాఖకు అధిపతి. ఒకడు వై ఫౌండేషను అధిపతి. వారికి కార్యదర్శిగా యుహా కాకినెన్ అనునతడు పనిచేసెను. వారు సమర్పించిన నివేదికకు ‘తలుపుమీద పేరు’ అని పేరు పెట్టిరి. ఫిన్లాండునందు ప్రతి ఇంటి తలుపుమీదను, ఉత్తరములు వేయు సందుపైన, ఆ ఇంటివారి పేరు వ్రాసియుండుట ఆచారము. శాలయందు మంచమునకు సంఖ్య ఉండును గాని తలుపుమీద పేరుండదు. ఆ భేదము మూడుమాటలలో ఇమిడినది.

2008లో ప్రభుత్వమును, పది నగరములును ఒడంబడిక చేసికొని పనికి దిగినవి. నాలుగేండ్లలో 1,250 వసతులు ఏర్పఱుపవలెనని నిర్ణయము. వాటిలో కొన్ని సామాన్య భవనములలో చెదరియున్న ఇండ్లు. కొన్ని ఒకేచోట నుండి సేవకుల తోడ్పాటు గల భవనములు. ఇండ్లు సంపాదించుటకు రాజ్యమును నగరములును ధనము నిచ్చినవి. సేవకుల జీతములను చెఱిసగము పంచుకొన్నవి. గడువు ముగియునప్పటికి అనుకొన్నదానికంటె ఎక్కువ వసతులే సమకూడెను. ఇందులో విశేషమేమనగా, పాత శాలలను క్రమముగ మూసివేయవలెనని ముందే నిశ్చయించుకొనిరి. క్రొత్తది కట్టుచు పాతదానిని అట్లే ఉంచినచో, సులభమైన పాతదారినే అధికారులు పట్టుదురని వారెఱుగుదురు.

హెల్సింకిలోని ఆల్పి వీధియందు సాల్వేషన్ ఆర్మీవారి శాల యొకటి చిరకాలముగా ఉండెను. ఈ సంస్థ బాపట్ల ప్రాంతపువారికిని తెలిసినదే. ఆ శాలలో సుమారు 250 పడకలుండెను. ఎందఱో ప్రాణములను చలినుండి కాపాడిన కట్టడమది. దానిని నడపినవారిని తప్పుపట్టుటకు వీలులేదు. అయినను అచ్చట చేరినవారు ఏండ్లతరబడి అచ్చటనే ఉండిపోవుచుండిరి. 2012లో ఆ కట్టడమును లోపల పూర్తిగా మార్చిరి. 250 పడకల స్థానమున 80 చిన్న ఇండ్లు వెలసెను. ఒక్కొక్క ఇంటికి ఒక గది, వంట చేసికొను చోటు, స్నానపు గది, తాళము, తాళపుచెవి. గోడలు పాతవే, వీధి పాతదే, కొందఱు మనుష్యులును పాతవారే. వారు ఇప్పుడు పడక పొందినవారు కారు, అద్దెదారులు.

అద్దెదారు అను మాటను కొంచెము విప్పి చెప్పవలెను. ఈ ఇల్లు దానము కాదు. అందఱివలెనే ఆతడు తన పేర ఒడంబడిక వ్రాసి సంతకము చేయును. నెలనెలకు అద్దె చెల్లించును. అందులకు పింఛనునుండిగాని, ప్రభుత్వము బీదలకిచ్చు అద్దెసాయమునుండిగాని, చేసిన పని కూలినుండిగాని ధనము వచ్చును. అద్దె చెల్లించుచు, ఇరుగుపొరుగును బాధింపక ఉన్నంతకాలము అతనిని ఎవరును వెడలగొట్టలేరు. శాలలో మాట విననివానిని ఆ రాత్రియే బయటకు పంపవచ్చును. అద్దెదారును పంపవలెనన్న చట్టప్రకారము పోవలెను. తన యింట త్రాగవచ్చునా అను ప్రశ్న వచ్చినపుడు, ఇతర అద్దెదారులు త్రాగవచ్చును గనుక ఇతడును త్రాగవచ్చునని ఫిన్లాండువారు సమాధానము చెప్పిరి. ఈ సమాధానము అచ్చటి వారికిని మొదట మ్రింగుడు పడలేదు.

ఇల్లు ఇచ్చి విడిచిపెట్టినచో అది సగము పనియే. తోడ్పాటుతో కూడిన గృహవసతి అని దీనికి పేరు వచ్చుటకు కారణమిదియే. భవనమున క్రింది అంతస్తునందు పగలును రాత్రియు సేవకులుందురు. వారిలో దాదులు కలరు, సాంఘికసేవ నేర్చినవారు కలరు. వారు తలుపు తట్టుదురు. తెఱవనిచో మఱునాడు మఱల తట్టుదురు. అద్దెసాయపు కాగితములు నింపుట, వైద్యునియొద్దకు వెంట పోవుట, పప్పు ఉప్పు కొనితెచ్చుట, ఏండ్లక్రిందట మాటలు నిలిచిపోయిన కూతురునకు ఉత్తరము వ్రాయుటకు ప్రక్కన కూర్చుండుట వారి పనులు. వ్యసనము మానదలచినచో మార్గము చూపుదురు, మానుమని బలవంతపెట్టరు. కొన్ని భవనములలో నివాసులు పరిసరపు వీధులను ఊడ్చి, చెత్త తీసి, స్వల్పముగ కూలి పొందుచున్నారు. ఈ పని వలన లాభము రెండింతలు. పని లేనివానికి పని దొరకినది. క్రొత్తవారు వచ్చిరని భయపడిన పొరుగువారికి చీపురు పట్టిన మనిషి కనిపించెను.

పొరుగువారి భయమును తేలికగ తీసివేయరాదు. మా వీధిలో వద్దు అని పెక్కుచోట్ల సభలు జరిగినవి, విన్నపములు పంపబడినవి. పిల్లలు తిరుగు దారిలో త్రాగుబోతులను ఉంచుదురా అను ప్రశ్న తల్లిదండ్రులు అడుగదగినదే. నిర్వాహకులు వాదించుట మాని, భవనము తలుపులు తెఱచి చూపించిరి; ఏ వేళనైనను ఫిర్యాదు చేయుటకు ఒక టెలిఫోను సంఖ్య ఇచ్చిరి; పిలిచినపుడు వచ్చిరి. కొన్ని వీధులలో భయము తగ్గెను; కొన్ని వీధులలో అసంతృప్తి మిగిలియుండెను.

ఇల్లు దొరకగనే అందఱును మద్యము మానిరని చెప్పుట అసత్యము. కనడా దేశమున 2009 మొదలు 2013 వఱకు ఐదు నగరములలో రెండువేలమందికి పైగా చేర్చుకొని పెద్ద పరిశోధన జరిపిరి. ముందు ఇల్లు పద్ధతిలో చేరినవారు ఇతరులకంటె చాల ఎక్కువగ ఇండ్లలో నిలిచిరని అందు తేలినది; వ్యసనము విషయమున మాత్రము అంతటి భేదము కనిపించలేదు. క్రొత్త ఇంటిలో ఒంటరితనము మఱియొక బాధ. వీధిలో నలుగురు తోడుండిరి. నాలుగు గోడలనడుమ ఎవరును లేరు. ఆ స్నేహితులను ఇంటికి రానిచ్చినచో గొడవ, రానీయనిచో దిగులు. ఫిన్లాండునందు ఇట్లు ఇల్లు పొందినవారిలో ఐదుగురికి నలుగురు ఇండ్లను నిలుపుకొనుచున్నారు. ఐదవవానికొఱకు మఱల వెదకవలసినదే. రోగము పూర్తిగా కుదిరినవారికే ఇల్లు అనినచో ఆ నలుగురిలో ఎక్కువమంది ఇంకను వీధిలోనే ఉండెడివారు. ఈ పద్ధతిని మెచ్చుకొనుటకు ఇంతకంటె పెద్ద కారణము చూపనక్కఱలేదు.

ధర్మమునకు ఇష్టపడనివారు లెక్కకైనను లొంగుదురు. వీధిలో నున్న రోగికి ప్రభుత్వము ఏమియు ఖర్చుపెట్టుట లేదని అనుకొనుట పొరపాటు. చలికి పడిపోయినపుడు ఆసుపత్రి బండి వచ్చును. కొట్లాటలో రక్షకభటులు వత్తురు. న్యాయస్థానము, చెఱసాల, చికిత్సాలయము అన్నింటికిని ధనము వ్యయమగును. టాంపరె నగరమున ఇట్టి భవనమొకదానిలోని 15 మంది విషయమున లెక్కకట్టి చూడగా, ఇల్లును సేవకులను ఇచ్చినందువలన ఒక్కొక్కరిపై సంవత్సరమునకు సుమారు 14,000 యూరోలు మిగిలినట్లు తేలెను.

ధనికదేశము గనుక సాగినది, బీదదేశములకు ఇది పనికిరాదని ఎవరైన అనవచ్చును. భారతదేశమున 2011 జనాభా లెక్కల ప్రకారము 17 లక్షలకు పైగా జనులు ఇల్లులేనివారు. వీరిలో పెక్కుమంది పనికై పట్టణమునకు వచ్చి కాలిబాటపై సంసారము చేయువారు. వారి అవసరము వేఱు, అందులకు మార్గమును వేఱు. మానసికరోగముచేత ఇల్లువిడిచి దారితప్పి తిరుగు స్త్రీల విషయమున మాత్రము ఫిన్లాండు అనుభవమునకు పోలిక మద్రాసు నగరముననే కలదు. ఇప్పుడు చెన్నై అని పిలువబడు ఆ నగరమున 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అను ఇరువురు యువతులు బానియన్ అను సంస్థను స్థాపించిరి. బానియన్ అనగా మఱ్ఱిచెట్టు. వీధులలో దొరకిన రోగిణులకు చికిత్సచేసి, ఊరు పేరు కనుగొని, కుటుంబములకు అప్పగించుట వారి పని. పెక్కుమంది తమ ఇండ్లకు చేరిరి. కొందఱికి ఇల్లు లేదు. కొందఱిని ఇంటివారు రానీయలేదు. వారు నయమైన తరువాత గూడ ఆ ఆశ్రమముననే ఏండ్లు గడపవలసి వచ్చెను. ఆసుపత్రి అయినను, ఆశ్రమమైనను, ఎంత ప్రేమగ చూచినను, ఇల్లు కాదు.

2015 మొదలు ఆ సంస్థవారు మఱియొక మార్గము పట్టిరి. పల్లెలందును పట్టణములందును మామూలు వీధులలో ఇండ్లు అద్దెకు తీసికొని, ఒక్కొక్క ఇంటియందు నలుగురైదుగురిని కుటుంబమువలె ఉంచి, వారికి తోడుగ ఒక సేవికను ఏర్పాటుచేసిరి. ఏ కూర వండవలెను, ఏ చీర కట్టవలెను, పండుగకు ఎవరిని పిలువవలెను అను సంగతులు ఆ ఇంటివారే తేల్చుకొందురు. చూచుటకు ఇవి అల్పవిషయములు. పదియేండ్లు గంట కొట్టినపుడు లేచి, పెట్టినది తిని, ఇచ్చినది కట్టినవారికి అల్పములు కావు. ఈ ఏర్పాటు తమిళనాడునుండి కేరళకును, అస్సామునకును వ్యాపించెను.

ఫిన్లాండునందు జరిగిన పని ఫలితమును హెల్సింకి లెక్కలు తెలుపుచున్నవి. 1985లో ఆ నగరమున శాలలలో 2,121 పడకలుండెను; 2016 నాటికి 52 మాత్రమే మిగిలెను. 2008 మొదలు 2015 వఱకు దేశమున దీర్ఘకాల నిరాశ్రయుల సంఖ్య నూటికి 35 వంతులు తగ్గెను. నాలుగేండ్లలో సగము చేయవలెనని, 2015 నాటికి పూర్తిగా తొలగింపవలెనని పెట్టుకొన్న లక్ష్యములు నెరవేఱలేదు. అయినను ఆ సంవత్సరములలో ఐరోపాలోని ఇతర దేశములు పెక్కింట ఇల్లులేనివారు పెరుగుచుండగా ఫిన్లాండునందు తగ్గుట చూచి, దేశదేశములనుండి అధికారులు హెల్సింకికి వచ్చి ఆ ఇండ్లను పరిశీలించిపోయిరి. ప్రభుత్వములు మాఱినను, ఒక పక్షము పోయి మఱియొక పక్షము వచ్చినను, చాలకాలము ఈ పని ఆగలేదు.

2023లో దేశమంతట ఇల్లులేనివారు 3,429 మంది అని లెక్కకు వచ్చెను. మఱుసటి సంవత్సరము ఆ సంఖ్య 3,806 అయ్యెను. పండ్రెండేండ్లుగా తగ్గుచు వచ్చిన లెక్క అట్లు పైకి ప్రాకెను. ఆ కాలమున ప్రభుత్వము బీదల అద్దెసాయమును తగ్గించినది. చవుక ఇండ్ల నిర్మాణమునకు ఇచ్చు ధనమును తగ్గించినది. సేవకులు తలుపు తట్టుటకు సిద్ధముగ నున్నను, తలుపు గల ఇల్లు దొరకవలెను. దొరకిన ఇంటికి అద్దె చెల్లవలెను. ఈ రెండును సడలినచో కట్టిన గోడ ఎంత త్వరగ బీటలువాఱునో ఆ రెండు సంఖ్యలు చూపుచున్నవి. దీర్ఘకాల నిరాశ్రయుల సంఖ్య మాత్రము సుమారు వేయివద్దనే నిలిచెను. 2027 నాటికి ఆ వేయిమందికిని ఇండ్లు చూపవలెనని అదే ప్రభుత్వము సంకల్పము చెప్పుకొన్నది.